పదిహేడు కొట్ల సంగతులు

మేడమీద గది,
ఫిబ్రవరి 9

అక్కా,

అనుమానం నా రోగం కాదు. నిన్న ఫోన్లో ఆ మాట అనేసి టక్కున పెట్టేశావు. కింద లాండ్రీలో నలుగురు చూస్తుండగా రిసీవరు పట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను. అందుకే రాస్తున్నా. కాయితమైతే మధ్యలో పెట్టేయలేవు కదా.

మళ్ళీ మొదట్నించీ చెప్తా, సావధానంగా విను. మూలకొట్టు పెద్దమ్మకి ఎడమ చెవి వినపడదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోదు, నామోషీ ఆవిడకి. ఎడమవైపు నిలబడి మాట్లాడితే వినపడలేదని అనదు, నువ్వంటేనే గిట్టనట్టు మొహం తిప్పుకుంటుంది. అందుకే మొదటి నాలుగు నెలలూ మన సాసు సీసా ఒక్కటి కూడా ముట్టుకోలేదు. గల్లాపెట్టెకి కుడివైపు, సబ్బుల పెట్టెలకీ గోడకీ మధ్య సందులో ఇరుక్కుని నిలబడాలని నాకు తెలిసొచ్చేసరికి ఒక జత చెప్పులు అరిగిపోయాయి.

మొన్న గురువారం నేను అక్కడే ఉన్నా, సీసాలు సర్దుతున్నా. చారల చొక్కా వేసుకుని ఒకడొచ్చాడు. మనవాడే, మన భాషే, మూడు వారాల క్రితం ఓడ దిగాడట. ఆ పెద్ద కంపెనీ సాసులు అమ్ముతున్నాడు. కొట్టు మధ్యలో పది మంది పట్టేంత ఖాళీ ఉంది కదా, వాడు తిన్నగా పోయి ఆ సబ్బుల సందులో దూరాడు! దూరి, "పెద్దమ్మా, మోకాలు ఎలా ఉంది?" అన్నాడు. ఆవిడ మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగిపోయింది. రెండు పెట్టెలు దింపించుకుంది. మన సీసాలు కింది అరలోకి పోయాయి, చీపుళ్ళ పక్కకి.

"వాడికీ కళ్ళున్నాయేమోరా, కనిపెట్టాడేమో" అన్నావు నువ్వు. ఒక్క పూటలోనా? నాకు నాలుగు నెలలు పట్టిందక్కా. మరి బడి పక్క కొట్టాయన సంగతో? వాళ్ళబ్బాయి ఫుట్‌బాల్ గెలిచిన మర్నాడు పోతే ఏదిచ్చినా తీసుకుంటాడు, ఓడిన మర్నాడు పోతే కుర్చీ కూడా వెయ్యడు. చారల చొక్కా గెలిచిన మర్నాడే పోయాడు. అదీ కళ్ళతో కనిపెట్టాడా?

ఈ ఊరు మొత్తం మీద సాసు కొనే కొట్లు పదిహేడు. నాకున్నది ఆ పదిహేడే. ఆ పదిహేడు కొట్లవాళ్ళ చెవులూ, మోకాళ్ళూ, కోపాలూ నాకు తెలుసు, రాసింది మాత్రం నీకొక్కదానికే. ఎనిమిదో క్లాసులో బడి ఎగ్గొట్టినవాణ్ణి, పెన్ను పట్టుకుంటే చెమటలు పడతాయి నాకు. "షెడ్డులో మెషిన్ల మోతకి ఫోన్లో సగం వినపడి చావదు, ఎవడు ఏమన్నాడో అన్నీ రాసి పంపు, దాన్నిబట్టి కారం తగ్గించాలో పులుపు పెంచాలో నేను చూసుకుంటా" అని నువ్వంటేనే రాయడం మొదలుపెట్టా. రెండేళ్ళలో ముప్ఫై ఆరు ఉత్తరాలు, ఇది ముప్ఫై ఏడోది.

ఒక్కటే అడుగుతున్నా. అవి ఎక్కడున్నాయి?

తూనీగ


సీసాల షెడ్డు,
ఫిబ్రవరి 23

ఒరేయ్ తూనీగా,

ఫోను కోపంతో పెట్టలేదురా మహానుభావా, పొయ్యి మీద టమాటా గుజ్జు అడుగంటుతుంటే పరిగెత్తాను. అయినా చేతులు కాలాయి, చూడు ఈ అక్షరాలు ఎలా వంకర పోతున్నాయో. నీ రాతలాగే ఉన్నాయి అంటోంది మూతలు బిగించే పిల్ల.

నీ ఉత్తరాలు ఎక్కడుంటాయి? ఇనప్పెట్టెలో, నా చీరల కింద. తాళంచెవి నా కొంగున. వాటిని ఎవడో ఎత్తుకుపోయి చదువుతాడా? చదివితే అర్థమవుతుందా అసలు? ఒత్తులుండవు, చుక్కలుండవు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలీదు. నేను కాబట్టి చదువుతున్నా, చిన్నప్పుడు నీ ఏడుపులో మాటలు ఏరుకున్న అలవాటు కొద్దీ.

చిన్నప్పుడూ ఇంతే నువ్వు. చెరువుకి వెళ్ళినా, సినిమాకి వెళ్ళినా, నీ చెప్పులు ఎవరో వేసుకుపోయారని గోల. తీరా చూస్తే కాళ్ళకే ఉండేవి. ఎవడో కుర్రాడు నీకంటే చురుగ్గా ఉన్నాడు, అంతే. వాడు కుడివైపు నిలబడితే నువ్వు ఇంకో మాట ఆలోచించు. నీకు తెలివి తక్కువా?

ఇక్కడ పని బాగుంది. మీ బావ కొత్త మూతల మెషిను తెప్పించాడు. ఎక్కణ్ణించి అని అడక్కు, అంతా మంచికే. పాత మెషిను గంటకి బిగించే మూతలు ఇది పావుగంటలో బిగిస్తోంది. షెడ్డులో ఆడవాళ్ళంతా దానికి కొత్తకోడలు అని పేరు పెట్టారు. ఇంకా మొరాయించడం నేర్చుకోలేదుట.

పచ్చిమిర్చి సాసు ఎలా పోతోందో రాయి. అన్నిటికంటే ముఖ్యం, ఓడరేవు క్యాంటీను. రోజుకి ఆరొందల పళ్ళేలు లేస్తాయన్నావు కదా అక్కడ. ఆ మీసాల వంటాయన నీకు ఎలా దారికొచ్చాడో ఎప్పుడూ రాయలేదు. అదొక్కటీ వివరంగా రాయి. ఎప్పట్లాగే, అన్నీ.

సరిగ్గా తింటున్నావా?

మీ అక్క


మేడమీద గది,
మార్చి 10

అక్కా,

తప్పైపోయింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెప్పుల సంగతి నిజమే, నాకే నవ్వొచ్చింది. చేతులకి వెన్న రాసుకో, టూత్‌పేస్టు పులమకు.

పచ్చిమిర్చి సాసు మెల్లగా పోతోంది. రంగు చూసి భయపడుతున్నారు, కారం చూసి కాదు. బస్టాండు కొట్టువాడైతే సీసా ఎత్తి వెలుతురికి పట్టుకుని "ఇది తినడానికా, గేటుకి వేసుకోవడానికా?" అన్నాడు. వాడి ముందే ఒక చెంచాడు తాగి చూపించా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా నవ్వుతూనే ఉన్నా. వాళ్ళ భాషలో 'బ్రహ్మాండం' అనబోయి 'గర్భం' అన్నానట, కొట్టంతా గొల్లుమంది. అయిదు సీసాలు ఉంచుకున్నాడు. కొంచెం ఆకుపచ్చ తగ్గించు, పసుపు వైపు తీసుకురా. ఆవ సాసు మాత్రం ముట్టుకోకు, అది అలాగే ఉండాలి.

ఇంక మీసాలాయన. ఇది నీకు మాత్రమే రాస్తున్నా, గుర్తుపెట్టుకో. ఆయన మనిషి కొండలా ఉంటాడు, మాట్లాడడు. సాసు సీసా తీసి చూపించావో, అయిపోయావు. ముందు ఇంటావిడ సంగతి అడగాలి. భార్యంటే ప్రాణం ఆయనకి. లోపలికి వెళ్ళగానే, గట్టిగా, వంటవాళ్ళందరికీ వినపడేలా "ఇంట్లో ఆవిడ కులాసాయేనా? నా నమస్కారాలు చెప్పండి" అనాలి. అంతే, కరిగిపోతాడు. అప్పుడు సీసా తియ్యాలి.

ఇదీ ఆయన రహస్యం.

బావని అడిగానని చెప్పు. కొత్తకోడల్ని కూడా.

తూనీగ


సీసాల షెడ్డు,
మార్చి 25

ఒరేయ్ తూనీగా,

నాలుగు ముక్కలే రాస్తున్నా, లారీ వచ్చి నిలబడి ఉంది. ఎంత బాగా రాశావురా! గేటుకి రంగు సంగతికి ఒకటే నవ్వులు. గర్భం దగ్గర మూతల పిల్లకి పొలమారింది. వంటాయన భార్య సంగతి వినగానే ఒకావిడ "అలాంటి మొగుడు ఏ దేశంలో దొరుకుతాడో అడగండమ్మా, మా ఆయన్ని ఇచ్చి మార్చుకుంటా" అంది.

రంగు తగ్గిస్తున్నా. ఆవ సాసు ముట్టుకోను. జూన్ నుంచి మనకి మంచి రోజులు, అప్పుడు చెప్తా.

మీ అక్క


మేడమీద గది,
ఏప్రిల్ 8

అక్కా,

విన్నవాళ్ళు ఎవరు?

'నీకు మాత్రమే' అని రాశాను. 'వినగానే' అన్నావు. ఎంతమంది విన్నారక్కా?

మీసాలాయన భార్య రెండేళ్ళ క్రితం వెళ్ళిపోయింది. సాసులు అమ్ముకోవడానికి వచ్చినవాడితోనే పోయింది. నా ముందు ఈ ఊళ్ళో తిరిగినవాడు వాడు. అందుకే సాసు సీసా చేత్తో పట్టుకున్నవాణ్ణి చూస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది. నేను ఆయన్ని ఏ రహస్యంతోనూ పట్టలేదు. నలభై రోజులు ఊరికే వెళ్ళి ఆయన గిన్నెలు ఆరబెట్టాను. నలభై ఒకటో రోజు ఆయనే "నీ సంచిలో ఏముంది?" అన్నాడు. ఇది ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, అది నవ్వుకునే సంగతి కాదు కాబట్టి.

మొన్న మార్చిలో రాసింది అబద్ధం. కావాలనే రాశాను. ఆ ఉత్తరం నీ ఇనప్పెట్టెలో ఉంటే ఎవరికీ ఏమీ కాదు అనుకున్నా. ఏమీ కాకూడదనే అనుకున్నానక్కా, నీ మీదొట్టు. పదిహేను రోజులు రేవు గేటు ఎదురుగా నిలబడి, చారల చొక్కా రాకూడదు దేవుడా అని దండం పెట్టుకున్నాను.

శుక్రవారం వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తల దువ్వుకుని వచ్చాడు. లోపలికి వెళ్ళాడు. వాడి గొంతు వీధిలోకి వినపడింది. "ఇంట్లో ఆవిడ కులాసాయేనా?"

ఆ తర్వాత గిన్నెల మోత.

బయటికొచ్చేసరికి వాడి నుదుటి మీద గరిటె అచ్చు అలాగే దిగిపోయి ఉంది. జేబులో ఉల్లితొక్కలు. ఇంకెవరైనా అయితే పగలబడి నవ్వేవాళ్ళే, నాకు నవ్వు రాలేదు. వాడికి నా జేబురుమాలు ఇచ్చి, టీ తాగించాను. వాడు నా కంటే రెండేళ్ళు చిన్న. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "పుస్తకంలో అలాగే ఉందన్నా" అన్నాడు.

ఏ పుస్తకం అన్నాను. సంచిలోంచి తీసి చూపించాడు. నీలం అట్ట. లోపల నా ఉత్తరాలు టైపు కొట్టి ఉన్నాయి. ఒత్తులు పెట్టి, చుక్కలు పెట్టి, చక్కగా. కొట్టు నంబరు ఒకటి, కొట్టు నంబరు రెండు, అలా పదిహేడు. చివర్న 'ఇతర విషయాలు' అని ఒక పేజీ. మొదటి చలికాలంలో నాకు జ్వరం వచ్చినప్పుడు రాశానే, కిటికీ అద్దం పగిలితే అట్టముక్క అడ్డం పెట్టుకున్నాననీ, మూడు రోజులు మంచినీళ్ళిచ్చే దిక్కు లేక అమ్మా అమ్మా అని ఏడ్చాననీ, ఎవరికీ చెప్పకు అక్కా అనీ. ఆ 'ఎవరికీ చెప్పకు' కూడా టైపు కొట్టారు. తప్పు లేకుండా కొట్టారు.

వాడు గ్లాసు కింద పెట్టి "ఇప్పుడు జ్వరం రావట్లేదు కదన్నా?" అని అడిగాడు.

పెద్దమ్మని మోకాలి గురించి అడిగిన గొంతే. నిజంగా అడిగాడో, పుస్తకం చూసి అడిగాడో నాకు తెలీలేదు. వాడికైనా తెలుసో లేదో. తల కొట్టేసినట్టయింది. ఎక్కడికైనా పారిపోదామనిపించింది, కానీ ఈ ఊళ్ళో పారిపోవడానికి కూడా పదిహేడు కొట్లే ఉన్నాయి.

ఇనప్పెట్టె తాళం నీ కొంగున ఉందన్నావు. మరి ఎవరు తీశారు?

తూనీగ


సీసాల షెడ్డు,
ఏప్రిల్ 22

నాయనా,

నేనే తీశాను.

నువ్వు రాసినప్పుడల్లా షెడ్డులో చదివి వినిపిస్తాను. మొదటి ఉత్తరం నుంచీ అంతే. పదకొండుమంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి మిరపకాయల ఘాటులో కళ్ళు మండిపోతూ కూర్చుంటారు. తాము కట్టిన సీసా ఎక్కడికి పోతుందో, ఎవరి నోట పడుతుందో వాళ్ళకేం తెలుస్తుంది? నీ ఉత్తరం వస్తే మెషిను ఆపి వింటారు. పెద్దమ్మ మోకాలు తగ్గిందా అని నన్ను వాళ్ళే అడుగుతారు. అది తప్పని నాకు ఎప్పుడూ తోచలేదు. తమ్ముడు ఇంత బాగా రాస్తాడని గొప్పగా ఉండేది.

కిందటేడు దసరా సెలవుల తర్వాత ఆ పెద్ద కంపెనీ ఆయన షెడ్డు చూడ్డానికి వచ్చాడు. ఆ రోజే నీ ఉత్తరం వచ్చింది. ఆయనా కూర్చుని విన్నాడు. విని, "ఎవరమ్మా ఈ అబ్బాయి? బంగారం. ఇలాంటివాడు మాకు కావాలి" అన్నాడు. పాతవి కూడా ఉంటే ఒక్క రోజుకి ఇవ్వండి, మా పెద్దాయనకి చూపించి అబ్బాయికి ఉద్యోగం వేయిస్తా అన్నాడు. కట్ట కట్టినట్టే తీసి ఇచ్చేశాను. ఏరి ఇవ్వాలని నాకు తట్టలేదురా. ఆ జ్వరం ఉత్తరం అందులో ఉందని మర్చిపోయాను. అది షెడ్డులో చదవలేదు, నీ మీదొట్టు. అది చదివి నేను వంటింట్లో ఒక్కదాన్నే కూర్చున్నా ఆ రోజు. మళ్ళీ వచ్చిన ఉత్తరాలు కూడా నెలకోసారి ఆయనే మనిషిని పంపి తీసుకెళ్ళి, రాయించుకుని, తిరిగిచ్చేవాడు.

ఇంకోటి కూడా చెప్పాలి. జూన్ నుంచి మన సీసాల మీద వాళ్ళ లేబులే. మొత్తం వాళ్ళకే. సంతకాలైపోయాయి. కొత్త మెషిను వాళ్ళదే. నీకు వచ్చే పెట్టెల్లో ఇప్పుడు ఓడ ఎక్కినవే ఆఖరు. ముందే చెప్తే నువ్వు ఎగిరి పడతావని చెప్పలేదు. బడిలోంచి దూకావు, సైకిలు షాపులోంచి దూకావు, బేకరీలోంచి దూకావు. ఎక్కడా ఏడాది నిలవలేదు. మొదటిసారి రెండేళ్ళు ఒకచోట ఉన్నావు. ఆ చోటు నీకు గట్టిగా కట్టిపెట్టాలనే చూశాను. దీంతోపాటు వాళ్ళ ఉద్యోగం కాయితం ఉంది. ఆ చారల అబ్బాయి నీ కింద పనిచేస్తాడు. నువ్వు వారానికోసారి ఆ ఊరి సంగతులు రాసి పంపాలి, అంతే. నీకు చేతనైన పనే కదా?

నన్ను తిట్టు, పడతాను. కానీ నువ్వు కూడా నాకు అబద్ధం రాశావు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నాకే వల పన్నావు. అది చదివి నాకు అన్నం దిగలేదు.

సంతకం పెట్టి పంపు. బతిమాలుతున్నా.

మీ అక్క


మేడమీద గది,
మే 6

అక్కా,

అవును, అబద్ధం రాశాను. నలభై ఉత్తరాల్లో ఒక్కటి. మిగతా ముప్ఫై తొమ్మిదీ ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేంత నిజాలు.

ఆదివారం చారల చొక్కాని వెంటబెట్టుకుని క్యాంటీనుకి వెళ్ళాను. మీసాలాయనకి అంతా చెప్పేశాను. నాకొచ్చిన ముక్కలు ముక్కల భాషలో చెప్పడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో వాడు కూడా సాయం పట్టాడు. ఆయన విని, "ఆ మాట అడగమన్నది నువ్వా?" అన్నాడు. నేనే అన్నాను. ఇద్దరి ముందూ ఒక బస్తా ఉల్లిపాయలు పడేశాడు. మధ్యాహ్నం దాకా ఒలిచాం. ఆఖరి పాయ అయ్యాక చేతులు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, "రేపట్నించి ఇద్దరూ రావద్దు" అన్నాడు. కేకలెయ్యలేదు. కేకలేస్తే బాగుండేది. గిన్నెలు ఆరబెట్టిన నలభై రోజులూ నావే, పాడుచేసుకున్నదీ నేనే. ఇది నీ మీద పెట్టను.

పదిహేడు కొట్లకీ తిరిగాను. జూన్ నుంచి వాళ్ళ లేబులుతో వచ్చేది మా అక్క చేసిన సాసే, రుచి మారదు, కొనుక్కోండి అని చెప్పాను. సగంమంది నమ్మలేదు. బస్టాండు కొట్టువాడు "మరి నువ్వేం అమ్ముతావు?" అన్నాడు. "నేను గర్భం" అన్నాను, నవ్విద్దామని. వాడు నవ్వలేదు, బిస్కెట్ల పొట్లం చేతిలో పెట్టాడు.

ఉద్యోగం కాయితం తిప్పి పంపుతున్నా, సంతకం లేకుండా. ఎగిరి పడి కాదు. పది రోజులు ఆలోచించాను, నేను! ఆ పని నాకు చేతనైనదే, అదే చిక్కు. నేను వాళ్ళ గురించి రాసింది అమ్ముకోడానికి కాదక్కా. ఆ సందులో ఇరుక్కుని నిలబడ్డ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించేది. చెప్పుకోడానికి నువ్వున్నావనుకున్నాను.

ఇప్పుడు రొట్టెల వ్యాను మీద పని దొరికింది. ఈ గదిలోనే ఉంటా. దూకట్లేదు.

ఇది షెడ్డులో చదువుతావని తెలుసు. చదువు. మూతల పిల్లా, పొలమారకుండా మెల్లగా విను, ఇందులో నవ్వులేం లేవు. పెద్దమ్మ మోకాలు అలాగే ఉందమ్మా, మెట్లెక్కలేకపోతోంది. అడిగినందుకు సంతోషం. మొగుణ్ణి మార్చుకుంటానన్న అమ్మా, ఆయనకి భార్య లేదు, నేనే అబద్ధం చెప్పా, నన్ను క్షమించు. టైపు కొట్టే అయ్యా, మీరు ఒత్తులు బాగా పెడతారు. ఇందులో కొట్టు నంబర్లేమీ లేవు, ఊరికే శ్రమపడకండి.

అక్కా, వీళ్ళందరూ కాకుండా నీకొక్కదానికే చెప్పాల్సింది ఒకటుంది. నెల రోజులుగా అదే రాద్దామని కూర్చుంటున్నా. నీ చేతులు తగ్గాయా అని అడిగి, ఆ తర్వాత

వద్దులే. కాయితం మీద ఎవరెవరు కూర్చుని ఉన్నారో నాకు ఇక్కణ్ణించి కనపడట్లేదు.

కింద వ్యాను హారను కొడుతున్నాడు. వెళ్ళాలి.